పాపకి పాదరసం టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది, పంపొచ్చా?

గాజువాక నుంచి ఒక నాన్నగారు అడిగారు. వాళ్ళ పాప ఎంఎస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ అయ్యాక ఇక్కడే వైజాగ్‌లో ఎక్స్‌పోర్ట్ చేపలు టెస్ట్ చేసే ల్యాబ్‌లో ట్రైనీగా వచ్చిందట, మెర్క్యురీ సెక్షన్. పాదరసం విషం కదా పిల్లకి ఏమైనా అవుతుందా, పరవాడ ఫార్మాలో హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలని విడదీసి కొలిచే మిషన్) వైపు పంపితే బెటరా అని.

పంపండి సార్. మీ భయం తప్పు కాదు, కానీ అక్కడ సీసాల్లో పాదరసం పోసుకుని కూర్చోరు. యూరప్‌కి వెళ్ళే ట్యూనాలో కిలోకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, అంత తక్కువని కొలవడమే పని. నిజానికి రోజూ ముందు జాగ్రత్త పడాల్సింది వేడి నైట్రిక్ యాసిడ్‌తో, చేప ముక్కని అందులోనే కరిగిస్తారు కాబట్టి ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే గూడు) సరిగ్గా పనిచేస్తోందా లేదా జాయిన్ అయ్యే ముందే పాపని చూసుకోమనండి. ఆ తర్వాత స్టానస్ క్లోరైడ్ కలిపితే పాదరసం ఆవిరిగా బయటికొస్తుంది, దాని మీదకి 253.7 నానోమీటర్ల వెలుగు పంపి ఎంత పీల్చుకుందో చూస్తారు, ఇదే కోల్డ్ వేపర్ పద్ధతి. మిగతా లోహాల్లా మంట అక్కర్లేదు, గది వేడికే పాదరసం ఆవిరవుతుంది కదా. ఆ ఆవిరి కొలిచాక ఎక్కడికి పోతోంది, దాన్ని పట్టి ఉంచే ట్రాప్ ఉందా అని కూడా అడగమనండి, అడగడానికి మొహమాటం వద్దు.

ఇక కెరీర్ మాటకొస్తే, నాకు భయమల్లా పాపని ఏడాదంతా శాంపిల్ పెట్టి బటన్ నొక్కే పనిలోనే ఉంచేస్తారేమో అని. ఈ పనిలో విద్య అంతా మిషన్ బయటే ఉంది సార్. మామూలు ప్లాస్టిక్ సీసాలో పలచటి శాంపిల్ నిలవుంచితే పాదరసం తగ్గిపోతుంది, ఎక్కువున్న శాంపిల్ తర్వాత తక్కువున్నది పెడితే పాతది ట్యూబులో మిగిలి తప్పు రీడింగ్ ఇస్తుంది, బ్లాంక్ (శాంపిల్ లేకుండా తీసే రీడింగ్) ఎందుకు పెరిగిందో వెతకాలి, సర్టిఫైడ్ రిఫరెన్స్ మెటీరియల్ (ఎంత పాదరసం ఉందో ముందే తేల్చిన శాంపిల్) పెట్టి మన నంబర్ సరిపోయిందో లేదో చూసుకోవాలి. ఇవన్నీ సొంత చేతులతో చేసిన పిల్ల ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) ఆడిట్‌లో తడబడదు. అందుకే మొదటి ఆరు నెలల్లో డైజెషన్ (యాసిడ్‌లో కరిగించడం), కాలిబ్రేషన్ (తెలిసిన ద్రావణాలతో మిషన్‌ని సరిచూడటం), స్పైక్ రికవరీ (శాంపిల్‌లో తెలిసినంత పాదరసం కలిపి తిరిగి ఎంత వస్తుందో చూడటం) తనతో చేయిస్తారా అని హెచ్‌ఆర్‌ని కాదు, సెక్షన్ ఇన్‌ఛార్జ్‌నే అడగాలి.

ఫార్మా దారి ఇప్పుడే మూసుకుపోదు, మందుల్లో కూడా లోహాల మలినాలు చూడాల్సిందే, మందుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ వాళ్ళ క్యూ3డి గైడ్‌లైన్‌లో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్‌తో పాటు పాదరసం ఎక్కువ విషమున్న మొదటి క్లాస్‌లోనే ఉంది, నోటి ద్వారా వేసుకునే మందులకి రోజుకి 30 మైక్రోగ్రాములే లిమిట్. ఆ ల్యాబ్‌లో ఐసీపీ-ఎంఎస్ (ఒకేసారి చాలా లోహాలని కొలిచే మిషన్) ఉంటే దాని మీద కూడా చేయి పెట్టనిస్తారేమో కనుక్కోండి, హెచ్‌పీఎల్‌సీ వచ్చినవాళ్ళు చాలామంది దొరుకుతారు గానీ ఇది వచ్చినవాళ్ళు అంతమంది దొరకరు.

ఇన్‌ఛార్జ్ ఏం చెప్పారో రాయండి, జీతం సంగతి అప్పుడు మాట్లాడదాం.