ఐదు నిమిషాలుండగా లేచి వచ్చేశాం

"ఇక అయిపోయిందని మీరు లేచి వచ్చేశాక తిరగబడ్డ మ్యాచ్ ఏదైనా ఉందా? క్రికెట్ కాకుండా చెప్పండి" అని అడిగారు. ఉంది. చూసింది అమెరికన్ ఫుట్‌బాల్. లేచి వచ్చింది స్టేడియంలోంచి కాదు, కింది వాటాలోంచి మేడమీది మా వాటాకి. మొత్తం పద్నాలుగు మెట్లు. ఆ పద్నాలుగు మెట్లెక్కినందుకు ఇప్పటికీ మా ఆయన్ని సాధిస్తూనే ఉంటాను.

2013లో పెళ్ళయి హెచ్4 వీసా మీద సియాటెల్ పక్కన రెడ్‌మండ్ వచ్చాను. ఉద్యోగం చేసే వీల్లేదు, కారు నడపడం రాదు, బయట ఎప్పుడు చూసినా ముసురు. ఆయన పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. కింది వాటాలో డెబ్భై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలుస్తారు కదా, నాకు నోరు రాలేదు. ఆంటీ అన్నాను. అదేమిటో అడిగి తెలుసుకుని, కొన్నాళ్ళకి ఫోన్ చేస్తే తనే "ఆంటీని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టారు.

ఆవిడ హాల్లో దేవుడి పటం ఉండాల్సిన చోట ఒక షేర్ సర్టిఫికెట్ అద్దం కట్టించి ఉండేది. ఆవిడది విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే. లక్ష చిల్లర జనాభా ఉన్న ఊరు, కాగితం మిల్లులు ఎక్కువ. ఆ ఊరి జట్టు ప్యాకర్స్‌కి మిగతా జట్లలా కోటీశ్వరుడైన యజమాని ఉండడు. 1923 నుంచి జనమే వాటాదారులు. 1950లో జట్టు డబ్బుకి కటకటలాడుతుంటే మిల్లులో పనిచేసే వాళ్ళ నాన్న 25 డాలర్లు పెట్టి ఒక వాటా కొన్నారట. దాని మీద డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోవడానికి లేదు. పిల్లలకి రాసివ్వొచ్చు, అంతే. "మరెందుకు కొన్నారు?" అని అడిగితే నన్నో వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. మా ఊళ్ళో రామాలయానికి చందా రాసినవాణ్ణి అలా అడగం కదా, అప్పుడు అర్థమైంది.

ఆట కూడా ఆవిడే నేర్పారు. నేను మాత్రం దాన్ని కబడ్డీ కింద అనువదించుకున్నాను. మాది వినుకొండ దగ్గర పల్లెటూరు, సంక్రాంతికి కబడ్డీ పోటీలు చూస్తూ పెరిగినదాన్ని. బంతి పట్టుకుని అవతలివాళ్ళ నేలలోకి చొచ్చుకుపోవాలి, వాళ్ళు పట్టి పడేస్తారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు జరిగితే మళ్ళీ నాలుగిస్తారు, జరక్కపోతే బంతి వాళ్ళది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, పైన ఒకటో రెండో తెచ్చుకోవడానికి ఇంకో అవకాశం. గీత దాటలేమనుకుంటే బంతిని గోల్ స్తంభాల మధ్యలోంచి తన్ని మూడు పాయింట్లతో సరిపెట్టుకోవచ్చు. ఇంతే తెలుసు నాకు. ఇంతకంటే అక్కర్లేదు కూడా.

ఇక ఆ మ్యాచ్. 2015 జనవరి 18, ఆదివారం. సంక్రాంతి వెళ్ళిన మూడో రోజో నాలుగో రోజో. మా సియాటెల్ జట్టు సీహాక్స్, ఆంటీ ప్యాకర్స్ సియాటెల్‌లోనే ఆడుతున్నాయి, గెలిచినవాళ్ళు సూపర్ బౌల్‌కి, అంటే ఫైనల్‌కి. సీహాక్స్ అంతకుముందు ఏడాది ఛాంపియన్లు, ఊరంతా నీలం జెండాలు. మా ఆయన శుక్రవారం శుక్రవారం నీలం జెర్సీ తొడుక్కుని ఆఫీసుకెళ్ళే రకం. ఆంటీ ఆకుపచ్చ శాలువా కప్పుకుని కూర్చున్నారు. అమ్మ పార్సిల్‌లో పంపిన అరిసెలు పట్టుకెళ్ళాం. ఆవిడ వాటిని కాఫీలో ముంచుకుని తింటారు, అది వేరే కథ.

మొదటి సగం మాకు నరకం. సీహాక్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, రసెల్ విల్సన్. ఏ బంతి విసిరినా ప్యాకర్స్ చేతుల్లోకే. అవతల ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ పిక్క దెబ్బతో కుంటుతూనే ఆడుతున్నాడు. విరామానికి 16–0. కానీ ఆంటీ సంతోషంగా లేరు. మొదటి క్వార్టర్‌లో, అంటే ఆటలో మొదటి పావు వంతులో, రెండుసార్లు ప్యాకర్స్ గీతకి ఒక్క గజం దూరం దాకా వెళ్ళి, నాలుగో ప్రయత్నంలో తెగించకుండా, తన్ని మూడేసి పాయింట్లు తీసుకున్నారు. రెండోసారి ఆవిడ చేతిలో అల్లిక కింద పెట్టేసి, "గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వెతుక్కుంటున్నారు" అన్న అర్థం వచ్చే మాటేదో అన్నారు. నాకప్పుడు చాదస్తం అనిపించింది. పదహారు పాయింట్లు ముందుండి ఏడుపేమిటి?

మూడో క్వార్టర్‌లో ఒక చిలిపి పని జరిగింది. సీహాక్స్ ఫీల్డ్ గోల్, అదే ఆ మూడు పాయింట్ల తన్ను, తన్నడానికని నిలబడి, బంతి నిలబెట్టాల్సిన జాన్ రయన్ దాన్ని తీసుకుని పరిగెత్తి, గ్యారీ గిలియం అనే భారీ మనిషికి విసిరాడు. రయన్ అసలు పని దూరంగా బంతి తన్నడం. గిలియం పని అడ్డంగా నిలబడి ఎదుటివాణ్ణి ఆపడం. ఇద్దరూ తమది కాని పని చేసి టచ్‌డౌన్ తెచ్చారు. 16–7. తర్వాత ప్యాకర్స్ ఇంకో మూడు కలుపుకుని 19–7.

గడియారంలో ఐదు నిమిషాలుందనగా విల్సన్ నాలుగోసారి బంతి పోగొట్టాడు. అందుకున్నవాడు ప్యాకర్స్ ఆటగాడు మోర్గన్ బర్నెట్. ముందు ఖాళీ నేల కనిపిస్తున్నా, బంతి పదిలం చాలనుకుని, అక్కడే జారి పడుకుండిపోయాడు. మా ఆయన రిమోట్ పక్కన పెట్టి లేచారు. "కంగ్రాట్స్ ఆంటీ." ఆవిడ వేలు పెదాల మీద పెట్టుకుని కోపంగా చూశారు. ఆట అయ్యేలోపు అభినందిస్తే దిష్టి తగులుతుందనే నమ్మకం విస్కాన్సిన్‌లో కూడా ఉందన్నమాట. "పడుకున్నాడేమిటి వాడు?" అని టీవీ వైపు తిరిగారు. మేం పద్నాలుగు మెట్లెక్కేశాం. నిజం చెప్పాలంటే ఆయనకి ఆవిడ గెలుపు చూడబుద్ధి కాలేదు. నాకు టీ తాగాలనిపించింది.

టీ పెట్టాను. గోడ అవతల నుంచి ఒక కేక. పట్టించుకోలేదు. ఇంకాసేపటికి బిల్డింగంతా కదిలినట్టు కేకలు, పైవాటాలో ఎవరో నేల మీద గెంతుతున్నారు. ఈయన టీవీ పెట్టారు. సీహాక్స్ 22, ప్యాకర్స్ 19. నేను అంకెలు తిరగబడ్డాయనుకున్నాను.

మేం చూడనిది ఇదీ. ప్యాకర్స్ బంతిని నిలుపుకోలేక తిరిగిచ్చేశారు. 2 నిమిషాల 9 సెకన్లుండగా విల్సన్ తనే గీత దాటాడు, 19–14. తర్వాత ఆన్‌సైడ్ కిక్. అంటే బంతిని దూరంగా కాకుండా దగ్గర్లో పడేలా తన్ని, మళ్ళీ మనమే దొరకబుచ్చుకోవాలని చూడటం. నూటికి తొంభైసార్లు దొరకదని అప్పట్లో మా ఆయన లెక్క. ప్యాకర్స్‌లో బ్రాండన్ బాస్టిక్ అనే కుర్రాడి పని ఎదుటివాణ్ణి అడ్డుకోవడం మాత్రమే, బంతి పట్టాల్సింది వెనకున్న జోర్డీ నెల్సన్. కానీ బంతి గాల్లోకి లేచి నేరుగా ఎదురుగా వస్తుంటే ఏ మనిషి చేతులు ఊరుకుంటాయి? ఎగిరాడు. చేతుల్లోంచి జారి హెల్మెట్‌కి తగిలి ఎగిరిపోయింది. సీహాక్స్‌లో క్రిస్ మాథ్యూస్ ఒడిసి పట్టాడు. కొన్నాళ్ళ ముందు దాకా బూట్ల దుకాణంలో పనిచేసిన మనిషతను. వెంటనే మార్షాన్ లించ్ 24 గజాలు పరిగెత్తి ఇంకో టచ్‌డౌన్. రెండు టచ్‌డౌన్ల మధ్య గడియారం మీద తేడా 44 సెకన్లు. ఆ పైన రెండు పాయింట్ల కోసం విల్సన్ వెనక్కి వెనక్కి పరిగెత్తి, దిక్కు తోచక మైదానం అడ్డంగా గాల్లోకి విసిరిన బంతి అదే జట్టులోని ఇంకో విల్సన్, ల్యూక్ విల్సన్ చేతిలో దీపావళి తారాజువ్వ ముక్కలా వచ్చి పడింది.

ఇవన్నీ తర్వాత రీప్లేల్లో వందసార్లు చూశాను. వందసార్లు చూస్తే ఒకసారి చూసినట్టు అవుతుందా? స్టేడియంలోంచి ముందే బయటికెళ్ళి, కేకలు విని వెనక్కొస్తే గేటు దగ్గర ఆపేసిన జనం గురించి చదివి కొంచెం ఊరట పడ్డాను. మేం మెట్ల టికెట్టే పోగొట్టుకున్నాం, వాళ్ళు డబ్బులు పెట్టినవాళ్ళు.

చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తాం. తలుపు తీసే ఉంది. ఆంటీ మేం వదిలి వెళ్ళిన భంగిమలోనే ఉన్నారు. రాడ్జర్స్ కుంటుతూ బంతిని ముందుకు తెచ్చాడు. 14 సెకన్లుండగా మేసన్ క్రాస్బీ 48 గజాల నుంచి తన్నితే స్తంభాల మధ్యలోంచి వెళ్ళింది, 22–22. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. గోళ్ళు దిగాయి.

అదనపు సమయంలో టాస్ సీహాక్స్‌ది. అప్పటి నియమం ప్రకారం మొదట బంతి దొరికిన జట్టు టచ్‌డౌన్ చేస్తే ఆట అక్కడితో సరి, అవతలివాళ్ళకి బంతే రాదు. విల్సన్ డగ్ బాల్డ్విన్‌కి 35 గజాలు విసిరాడు. మరుక్షణం ఇంకో 35 గజాలు జెర్మేన్ కియర్స్‌కి. 28–22. అంతకుముందు పోయిన నాలుగు బంతులూ ఈ కియర్స్ కోసం విసిరినవే. ఐదోది కూడా అతనికే విసిరాడంటే ఆ నమ్మకమేమిటో, మొండితనమేమిటో నాకిప్పటికీ తేలలేదు. రాడ్జర్స్ పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

బయట కార్ల హారన్లు, బాల్కనీల్లో అరుపులు. మా ఆయన గెంతబోయి, ఆవిడ మొహం చూసి, మెడ రుద్దుకుంటూ నిలబడిపోయారు. ఆంటీ టీవీ కట్టేశారు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ముక్కు ఎగబీల్చి, "ఏదో మాడుతున్న వాసన" అన్నారు. నా టీ. గిన్నె అడుగు నల్లగా మాడిపోయింది. ఇప్పటికీ ఆ గిన్నెలో సాంబార్ పొడి పోసుకుంటున్నాను.

అందరూ బాస్టిక్‌నే తిట్టారు. చంపుతామని బెదిరింపులు కూడా వచ్చాయి పాపం అతనికి. ఫిబ్రవరిలో జట్టు తీసేసింది. ఆంటీ మాత్రం ఎవరు ఆ మాటెత్తినా ఒప్పుకునేవారు కాదు. గజం దూరంలో రెండుసార్లు వెనక్కి తగ్గినప్పుడే పోయింది, పడుకుండిపోయినప్పుడు రెండోసారి పోయింది, ఆ పిల్లాడి చేతుల్లోంచి జారింది ఆఖర్న మిగిలిందే అనేవారు. నాది కూడా అదే మాట. మేం లేచి వచ్చాక జరిగినవే అద్భుతాలు అనుకుంటాం గానీ, మేం కూర్చుని ఉండగానే, 16–0 అప్పుడే, తాడు వదులవుతోంది. ఆవిడకి కనబడింది, మాకు కనబడలేదు.

రెండు వారాలకి ఫిబ్రవరి 1న సూపర్ బౌల్. ఈసారి ఆంటీ మా ఇంటికొచ్చారు. పేట్రియాట్స్ 28, సీహాక్స్ 24, సీహాక్స్ గీతకి ఒక్క గజంలో ఉన్నారు. లించ్ చేతికి బంతిస్తారనుకుంటే విల్సన్ విసిరాడు, మాల్కమ్ బట్లర్ అనే కొత్త కుర్రాడు మధ్యలో లాగేసుకున్నాడు. గజం గురించి మా ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఆయన లేచి టీవీ కట్టబోయారు. ఆంటీ రిమోట్ లాక్కుని గడియారం చూపించారు. ఇంకా 20 సెకన్లు. పేట్రియాట్స్ తమ గీతకి అంగుళాల్లో ఉన్నారు, అక్కడ మోకాలు ఆన్చి సమయం గడిపేయడానికి కుదరదు, కాలు జారి బంతితో ఆ గీత వెనక పడినా మనకి పాయింట్లు వస్తాయి, కూర్చో అన్నారు. ఆయన కూర్చున్నారు. సీహాక్స్ ఆటగాడొకడు తొందరపడి, బంతి కదలకముందే అవతలివైపుకి దూకాడు, పేట్రియాట్స్‌కి ఐదు గజాలు ఊరికే వచ్చాయి. ఆ తర్వాత కూడా, మైదానంలో రెండు జట్లూ తోసుకుని, గడియారం సున్నాకి వచ్చేదాకా, ఆవిడ రిమోట్ ఇవ్వలేదు.