ఎవరూ పలకరించని కుక్కపిల్ల

చిరంజీవికి,

ఫ్రెంచి బొమ్మల కథల సిరీస్ ఆస్టెరిక్స్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదట ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ‘కడుపుబ్బ నవ్వించే’ అన్న మాట ఏడు చోట్ల వచ్చింది. ఒక్క బొమ్మ కూడా నా కళ్ల ముందుకు రాలేదు. ఆ పుస్తకాలంటే నీకెంత ప్రాణమో తెలుసు. నాకూ అంతే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన పుస్తకమొకటి దొరికింది నాకు. అందులో రోమన్లు మన కథానాయకుల ఊరి చుట్టూ కంచె కడతారు. ఆస్టెరిక్స్, అతని స్నేహితుడు ఒబెలిక్స్ పందెం కాసి, కంచె దాటి, గాల్ దేశమంతా, అంటే ఇప్పటి ఫ్రాన్స్ అంతా, తిరిగి ఊరూరి తినుబండారాలు సంచిలో వేసుకుని వస్తారు. లుటేషియాలో, అంటే ఇప్పటి పారిస్‌లో, ఒక మాంసం దుకాణం బయట చిన్న కుక్కపిల్ల ఉంటుంది. అక్కడి నుంచి వాళ్ల వెంటే నడుస్తుంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు. చివరి విందులో గానీ ఒబెలిక్స్ దాన్ని గమనించడు. నేనూ అక్కడే గమనించాను. వెంటనే వెనక్కి తిప్పి ఒక్కో పేజీలో దాన్ని వెతుక్కున్నాను. ఆ సాయంత్రం ఎంత సంతోషంగా గడిచిందో ఇప్పటికీ గుర్తుంది. రాసిన గోసిని గానీ, గీసిన ఉదెర్జో గానీ ‘ఇదిగో కుక్క, నవ్వండి’ అని వేలు పెట్టి చూపించి ఉంటే నాకు ఆ సాయంత్రం దక్కేది కాదు. నీ వ్యాసంలో ప్రతి హాస్యం పక్కనా నువ్వు నిలబడి ఉన్నావు. కొంచెం పక్కకు జరుగు.

ఆ కుక్కకు తర్వాత క్లియోపాత్రా కథలో పేరు పెట్టారు. ఫ్రెంచిలో ఇదెఫిక్స్, అంటే బుర్రలోంచి కదలని ఆలోచన. ఇంగ్లీషులోకి తెచ్చిన ఆంథియా బెల్, డెరెక్ హాక్‌రిడ్జ్ దాన్ని డాగ్‌మాటిక్స్ చేశారు. మొండిపట్టు అన్న అర్థం అలాగే ఉంది, పైగా కుక్క కూడా వచ్చి చేరింది! నువ్వు ఈ పేర్లకు బ్రాకెట్లలో అర్థాలు రాసి వదిలేశావు. ఒక్క పేరు తీసుకుని, అది ఎలా కుదిరిందో నెమ్మదిగా చెబితే చాలు.

సముద్రపు దొంగల ఓడ మాటిమాటికీ మునగడం విసుగు పుట్టిస్తుందన్నావు. నేను ఒప్పుకోను. హరికథకు వచ్చేవాళ్లకు కథ తెలియక వస్తారా? ఓడ మునుగుతుందని మనకు తెలుసు, ఈసారి ఎలా అన్నదే ఆసక్తి. గాల్ వీరులు కనపడగానే దొంగలు తమ ఓడను తామే ముంచుకున్న ఘట్టం మళ్లీ చూడు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన వాక్యం. ‘1959లో మొదలైన ఈ సిరీస్ రచయిత గోసిని 1977లో మరణించారు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. ఆస్టెరిక్స్ బెల్జియం వెళ్లే కథకు బొమ్మలు ఇంకా పూర్తి కాలేదు. ఉదెర్జో మిగిలిన పేజీల్లో ఆకాశాన్ని మబ్బులతో నింపాడు, వాన కురిపించాడు. స్నేహితుడు పోయాడని ఎక్కడా రాయలేదు. కథ తన దారిన నవ్విస్తూనే సాగుతుంది, వాన మాత్రం ఆగదు.

నీ దగ్గర ఆ పుస్తకం లేకపోతే నాది పంపిస్తాను. వాన మొదలైన పేజీ తెరిచి పెట్టుకుని, వ్యాసాన్ని అక్కడి నుంచి మళ్లీ రాయి. తొందరేమీ లేదు, ఉగాది వరకూ ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు