రస్సెల్ విల్సన్ డెన్వర్‌కి వెళ్ళాక ఎందుకంత తేలిపోయాడు? తప్పు అతనిదా, కోచ్‌దా?

ముందే చెప్పేస్తున్నాను, విల్సన్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, నేను అతని పాత జట్టు సియాటిల్ సీహాక్స్ మనిషిని. సియాటిల్ పక్కన బెల్వ్యూలో ఉంటాను. విల్సన్, నేను ఒకే ఏడాది, 2012లో, ఈ ఊరొచ్చాం. నేను హెచ్1 వీసా మీద, అతను డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, మూడో రౌండ్‌లో 75వ వాడిగా. కాబట్టి నా దగ్గర తక్కెడ సరిగ్గా ఉంటుందని ఆశపడకండి. కానీ అతను డెన్వర్ జెర్సీ వేసుకుని ఆడిన మొదటి ఆటను స్టేడియంలో కూర్చుని చూశాను.

ఇంకో మాట. ఇండియాలో ఉన్న మా తమ్ముడికి ఈ ఆట గురించి చెప్పబోతే "ఫుట్‌బాల్ అంటే మెస్సీ కదా అన్నయ్యా" అంటాడు. ఇది ఆ ఫుట్‌బాల్ కాదు నాయనా, కోడిగుడ్డు ఆకారం బంతి, చేత్తో విసిరేది. ఆ విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్, విల్సన్ అదే. గెలిస్తే దండ వాడికే, ఓడితే రాళ్ళూ వాడికే.

2022 సెప్టెంబర్ 12, సోమవారం సాయంత్రం. ఆ మార్చిలోనే విల్సన్‌ని డెన్వర్ బ్రాంకోస్‌కి ఇచ్చేశారు. బదులుగా డ్రాఫ్ట్‌లో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (ఎంచుకునే వంతులు), రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, ఒక ఫిఫ్త్ రౌండ్ పిక్, పైన ముగ్గురు ఆటగాళ్ళు. కొత్త సీజన్ మొదటి ఆటే సియాటిల్‌లో పడింది. షెడ్యూల్ వేసినవాళ్ళకి ఇలాంటి చిచ్చు పెట్టడం బాగా తెలుసు. టికెట్లు ఎంతకి కొన్నానో మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

మావాడికి అప్పుడు పదేళ్ళు. బయల్దేరేముందు చూస్తే సీహాక్స్ 3వ నంబర్ జెర్సీ వేసుకుని నిలబడ్డాడు, వీపు మీద విల్సన్ పేరుతో. "వద్దురా, ఇవాళ ఆయన అవతలి జట్టు" అన్నాను. "పేరు ఆయనది, రంగు మనది కదా నాన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చలేస్తుందని పైన హుడీ వేయించి 550 బస్సు ఎక్కించాను.

విల్సన్ మైదానంలోకి రాగానే మొదలైంది. "బూ" అని. టీవీలో వింటే అదేదో గోల అనుకుంటాం. అక్కడ కూర్చుంటే కాళ్ళ కింద సిమెంటు అదురుతుంది. పదేళ్ళు ఇతని పాస్ పడిందంటే లేచి గంతులేసిన మనుషులే. 2014 ఫిబ్రవరిలో ఇదే డెన్వర్‌ని 43-8తో చితక్కొట్టి ఈ ఊరికి మొదటి సూపర్ బౌల్, అంటే లీగ్ కప్పు, తెచ్చినవాడు. మావాడు ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి చుట్టూ చూశాడు. హుడీ జిప్ మెల్లగా గడ్డం దాకా లాక్కున్నాడు. ఆ రోజు ఆటలో ఏం మర్చిపోయినా ఆ జిప్ చప్పుడు మర్చిపోలేను.

పక్క సీటులో ఓ పెద్దాయన, గొంతు పోయేలా అరుస్తున్నాడు. అంత కోపమెందుకండీ అంటే "తనే వెళ్ళిపోయాడని టీమ్ అంటుంది, పంపేశారని అతను అంటాడు. మధ్యలో డబ్బులు తగలేసింది నేను. అరవనీ" అన్నాడు. అదీ నిజమే.

ఆట సంగతికొస్తే, మూడేళ్ళు విల్సన్ వెనక బెంచీ మీద కూర్చున్న జీనో స్మిత్ ఆ రోజు మాకు క్వార్టర్‌బ్యాక్. 28 పాస్‌లకి 23 చేర్చాడు, స్టేడియం అంతా "జీనో, జీనో". డెన్వర్‌వాళ్ళేమో మా గోల్ గీతకి ఒక్క గజం దూరం దాకా వచ్చి రెండుసార్లు బంతి జారవిడిచారు. అయినా చివర్లో 17-16, మేము ఒక్క పాయింట్ ముందు, బంతి విల్సన్ చేతిలో, నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఐదు గజాలు ముందుకి పోవాలి. గడియారం ఆపే టైమవుట్‌లు మూడూ చేతిలో ఉన్నాయి. నిమిషం పైన టైముంది. మేమంతా గుండెలు చేత్తో పట్టుకుని నిలబడ్డాం, ఎందుకంటే ఇలాంటి చోట విల్సన్ ఏం చేస్తాడో మాకంటే ఎవరికి తెలుసు? డెన్వర్ కోచ్ హ్యాకెట్ గడియారాన్ని అలా కరగనిచ్చాడు. "టైమవుట్ తీసుకోడేం నాన్నా?" అని మావాడు రెండుసార్లు అడిగాడు. ఇరవై సెకన్లు మిగిలాక తీసుకుని, 64 గజాల ఫీల్డ్ గోల్‌కి, అంటే బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పోనివ్వడానికి, కిక్కర్‌ని పంపాడు. లీగ్ చరిత్రలో అప్పటికి అంత దూరం నుంచి కొట్టినవాళ్ళు ఇద్దరే. బంతి ఎడమ పక్కకి పోయింది. 245 మిలియన్ డాలర్లకి రాసిచ్చి తెచ్చుకున్న మనిషిని పక్కన నిలబెట్టారు!

అందుకని తప్పంతా కోచ్‌ది అంటారు కొందరు. ఒప్పుకోను. ఆ కోచ్‌ని సీజన్ అయిపోకముందే, క్రిస్మస్ రోజు 51-14తో ఓడిన మర్నాడే ఇంటికి పంపారు. మరుసటి ఏడాది కోచ్‌గా షాన్ పేటన్ వచ్చాడు, సూపర్ బౌల్ గెలిచినవాడు. విల్సన్ 26 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని గోల్ గీత దాటించేవి) వేశాడు, అయినా చివరి రెండు ఆటలకి బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత వదిలేశారు. పిట్స్‌బర్గ్‌కి వెళ్ళాడు, మొదట్లో వెలిగాడు, చివర్లో వరసగా ఓడాడు. 2025లో న్యూయార్క్ జెయింట్స్‌లో మూడు ఆటలకే కుర్రాడి చేతికి బంతి ఇచ్చేశారు. ఇన్ని ఊళ్ళలో ఇంతమంది కోచ్‌లూ చెడ్డవాళ్ళేనా?

నా లెక్క వేరే. సియాటిల్‌లో విల్సన్ లోపాలు అందరికీ తెలుసు. పొట్టివాడు, మధ్యలోకి పాస్ వేయడం ఇష్టం ఉండదు, బంతిని ఎక్కువసేపు పట్టుకుంటాడు. దానికి తగ్గట్టు ఇల్లు కట్టారు. షెర్మన్, థామస్, ఛాన్సలర్ ఉన్న డిఫెన్స్ 2012 నుంచి 2015 దాకా నాలుగేళ్ళూ లీగ్‌లో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చింది. మార్షాన్ లించ్ అడ్డొచ్చినవాళ్ళని ఈడ్చుకుంటూ పరిగెత్తేవాడు. ఇతనికి ఏడెనిమిది సార్లు తప్పించుకుని, చందమామ దాకా వెళ్ళొచ్చినట్టుండే ఆ పొడుగు పాస్ వేస్తే చాలు. 2014లో కాళ్ళతోనే 849 గజాలు పరిగెత్తాడు. డెన్వర్‌కి వెళ్ళేసరికి ముప్పై మూడేళ్ళు. కాళ్ళు ఆగిపోయాయి, అలవాటు ఆగలేదు. ఆ ఏడు 55 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసిరేలోపే కింద పడేశారు. డెన్వర్ డిఫెన్స్ కూడా బాగుంది కదా అంటారు, బాగుంది. కానీ ఇతనికి ఏది చేతకాదో తెలిసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. అన్నీ వచ్చినవాడికిచ్చే డబ్బు ఇచ్చారు.

ఇది నాకు పుస్తకంలో దొరికిన జ్ఞానం కాదు. 2021లో నేనూ ట్రేడ్ అయ్యాను. పాత కంపెనీలో ఏం పడిపోయినా అర్ధరాత్రి నాకే ఫోన్, నేనే మొనగాణ్ణి. కొత్తవాళ్ళు జీతం బాగా పెంచి తీసుకున్నారు. రెండో నెలలో నేను పెట్టిన కోడ్ వల్ల కస్టమర్లందరికీ బిల్లు తేదీ ఒకరోజు ముందు చూపించింది. టైమ్‌జోన్ మర్చిపోయాను. ఆ మర్చిపోవడం నాకు పుట్టుమచ్చ లాంటిది. పాత చోట టెస్టింగ్‌లో ఓ వైజాగ్ అమ్మాయి ఉండేది, నా పని వస్తే ముందు తేదీలే చూసేది. "అన్నా, మళ్ళీ మర్చిపోయావ్" అని మెసేజ్ పెట్టేది, అక్కడితో అయిపోయేది. తొమ్మిదేళ్ళలో ఆ మెసేజ్‌లు ఎన్నొచ్చాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. కొత్త చోట మీటింగ్‌లో ఒక్కొక్కరూ కెమెరా ఆపేసుకుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఉద్యోగం పదకొండు నెలలు.

అందుకే ఆ రోజు స్టేడియంలో నాకు బూ అనడానికి నోరు రాలేదు.

మనవాళ్ళెవరో వార్నర్ సంగతి ఎత్తుతారని తెలుసు. సన్‌రైజర్స్ పక్కన పెడితే ఢిల్లీకి పోయి 2022లో మన మీదే 92 నాటౌట్ కొట్టాడు కదా అని. కొట్టాడు. క్రికెట్‌లో బ్యాటు ఒక్కడి చేతిలో ఉంటుంది, అది వేరే ఆట. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

ఆ జెర్సీ మావాడికి ఎప్పుడో పొట్టిదైపోయింది. మొన్న అల్మరా సర్దుతూ ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఇరవై డాలర్లకి పెట్టాను. మూడు వారాలకి ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది, ఐదుకి ఇస్తారా, కారు తుడుచుకోవడానికి అని. "ఇచ్చెయ్ నాన్నా, చోటు ఖాళీ అవుతుంది" అంటున్నాడు మావాడు. ఇంకా జవాబివ్వలేదు.