సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఎందుకు మూతపడింది?

అమెరికాలో కాన్ఫరెన్స్ అంటే ఏటా ఆటల్లో తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ 1914లో హ్యూస్టన్‌లో ఏర్పడి, 1996లో ముగిసింది. డబ్బు కోసమే విడిపోయారని చాలామంది అంటారు. అది సగం నిజమే.

అసలు బలహీనత అది విస్తరించిన ప్రాంతంలోనే ఉంది. ఓక్లహోమా కాలేజీలు తొలినాళ్లలోనే వెళ్లిపోయాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు టెక్సాస్ రాష్ట్రం బయటి సభ్యురాలు ఆర్కాన్సా విశ్వవిద్యాలయం ఒక్కటే. పక్క ఊరి కాలేజీతో ఆట కాబట్టి స్టేడియంలో ఊపు ఉండేది, నిజమే. కానీ 1984లో సుప్రీంకోర్టు తీర్పుతో ఫుట్‌బాల్ టీవీ హక్కులపై ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) గుత్తాధిపత్యం పోయింది. కూటములు సొంతంగా బేరమాడుకునే రోజులొచ్చాక, దాదాపు ఒకే రాష్ట్రపు ప్రేక్షకులున్న లీగ్‌కు గిరాకీ తగ్గింది.

దానికి తోడు పరువూ పోయింది. ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బిచ్చిన కేసుల్లో అనేక కాలేజీలకు శిక్షలు పడ్డాయి. డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ)కైతే 1987 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మొత్తాన్ని ఎన్‌సీఏఏ రద్దు చేసింది. 1988లో ఆ కాలేజీ తనంతట తానే ఆడలేదు. అదే ఎస్‌ఎంయూ 1960లలో జెర్రీ లెవియస్ అనే నల్లజాతి ఆటగాడికి, ఈ కూటమిలో మొదటిసారిగా, ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇచ్చింది. అందుకే ఆ పతనం నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

1990లో ఆర్కాన్సా వెళ్లిపోతానని ప్రకటించడంతో పునాది కదిలింది. 1994లో టెక్సాస్ విశ్వవిద్యాలయం, టెక్సాస్ ఏ అండ్ ఎం, టెక్సాస్ టెక్, బేలర్ కాలేజీలు బిగ్ ఎయిట్ అనే మరో కూటమి కాలేజీలతో కలిసి బిగ్ 12 అనే కొత్త కూటమికి ఒప్పుకున్నాయి. మిగిలిన రైస్, టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ), ఎస్‌ఎంయూ, హ్యూస్టన్ కాలేజీలు చిన్న కూటముల్లో సర్దుకోవాల్సి వచ్చింది.