అగ్రిమెంటు అమ్మేవాళ్ళ ఇంట్లో కూర్చుని రాసుకోండి

"పాత ఫ్లాటు కొంటున్నాం, అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు లాయరుకి చూపించాలా, దస్తావేజు రైటరు సరిపోతాడా?" అని అడిగారు. చూపించండి. లక్షలు పోసి కొంటూ లాయరు ఫీజు దగ్గర పీనాసితనం ఎందుకు? కానీ నన్నడిగితే అంతకన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. ఆ అగ్రిమెంటు రైటరు కొట్లోనో మధ్యవర్తి ఆఫీసులోనో కాదు, అమ్మేవాళ్ళ ఇంట్లో, ఇంటిల్లిపాదీ ఉండగా పైకి చదివించి సంతకం పెట్టండి.

మాది గుంటూరు. 2015 చివర్లో విద్యానగర్‌లో ఒక పాత ఫ్లాటు బేరం చేశాం. అప్పుడే అక్టోబరు 22న అమరావతి శంకుస్థాపన అయింది. మధ్యవర్తి రోజూ ఫోను. "మేడంగారూ, రాజధాని వస్తోంది, సంక్రాంతి దాటితే ఈ డబ్బుకి బాత్రూం కూడా రాదు" అని ఒకటే టెన్షన్ పెట్టాడు. ఈసీ, అంటే ఆ ఫ్లాటు మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా, తీయించాం. లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, చూశాం. జిరాక్సు మీద జిరాక్సు తీసిన కాగితాలు, సగం అక్షరాలు కనపడవు, అది వేరే బాధ. ఫ్లాటు అమ్మే పెద్దాయన భార్య పేరు మీద ఉంది. ఆవిడ పోయి నాలుగేళ్ళు, వీలునామా లేదు. పెద్దాయన, కొడుకు సంతకాలు పెడతారన్నారు. సరేనన్నాం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో మాత్రం లెక్కపెట్టలేదు.

పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి వాళ్ళింటికే వెళ్ళాం. లేకపోతే మా తెలివికి రైటరు కొట్లోనే పని అయిపోయేది. శుక్రవారం. "10:30కి రాహుకాలం వచ్చేస్తుంది, ఈలోపు కానిచ్చేద్దాం" అని మధ్యవర్తి నిమిషానికోసారి ఫోనులో టైము చూసుకుంటున్నాడు. మొత్తం ఐదు కాగితాలు, మొదటిది వంద రూపాయల స్టాంపు పేపరు. రైటరు బస్సులో స్టాపులు పిలిచినట్టు గడగడా చదువుతున్నాడు. "మేము గానీ, మా తదనంతరం మా వారసులు గానీ ఎట్టి తగాదా చేయువారము కాము" అనేసరికి, కాఫీ ట్రే పట్టుకుని వంటింట్లోంచి వస్తున్న ఆయన కూతురు గుమ్మంలో ఆగిపోయింది.

"ఆ ముక్క మళ్ళీ చదవండి" అంది.

చదివాడు.

"అమ్మ ఇంటికి వారసులంటే ఎవరు నాన్నా? అందులో నా పేరేదీ?"

పెద్దాయన మాట్లాడలేదు. కొడుకు అందుకున్నాడు. "అక్కా, నీకు పెళ్ళప్పుడు అన్నీ ఇచ్చారు కదా."

"ఇచ్చింది నాన్న. ఇది అమ్మది."

కాఫీ గ్లాసుల మీద మీగడ కట్టింది. ఎవరూ తీసుకోలేదు. మావారు అప్పటికే పెన్ను మూత తీశారు. నేను ఆ పెన్ను తీసుకుని మూత పెట్టేశాను. లక్ష రూపాయల చెక్కు నా బ్యాగులోనే ఉంది. "ఇంటి విషయం వాళ్ళు చూసుకుంటారు, మీరు సంతకాలు కానివ్వండమ్మా" అంటాడు మధ్యవర్తి! 10:30 దాటిపోయింది.

ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి వాటా అని ఎన్టీఆర్ హయాంలో 1986లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఇక్కడ అంతదూరం కూడా వెళ్ళక్కర్లేదు. తల్లి సొంతంగా కొనుక్కున్న ఇల్లు, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భర్తకి, కొడుక్కి, కూతురికి సమాన వాటాలు. ఇద్దరి సంతకాలతో కొంటే మూడింట రెండు వంతుల ఇల్లు, ఒక కోర్టు కేసు కొనుక్కున్నట్టు. ఇది ఈసీలో కనపడదు, అందులో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలే. మంచి లాయరైతే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతాడు, నిజమే. లోను ఇచ్చే బ్యాంకు లాయరూ అడుగుతాడు, కానీ అప్పటికి మన అడ్వాన్సు వాళ్ళ చేతిలో ఉంటుంది. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మనది కాదు, రిజిస్ట్రేషనయ్యేదాకా మనం బయటివాళ్ళమే.

ఆ అడ్వాన్సు కూడా నగదు ఇమ్మన్నాడు ఆ మధ్యవర్తి. ఇల్లూ స్థలాల బేరాల్లో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకూడదని ఆ ఏడాది జూన్ నుంచే ఆదాయపు పన్ను నిబంధన. చెప్తే "అవన్నీ పేపర్లో రాతలండీ" అని నవ్వాడు. రెండు వైపులా కమీషన్ తీసుకునే మనిషి, సాక్షి సంతకం పెట్టమంటే మాత్రం కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడట.

పది రోజుల తర్వాత మళ్ళీ రాయించాం. ముగ్గురి పేర్లు, ఎవరి వాటా వాళ్ళకి విడి చెక్కు. ఆ అమ్మాయి తన ఇంటిపేరులో తప్పు పట్టుకుని దిద్దించి, ప్రతి పేజీ కిందా నిదానంగా సంతకం పెట్టింది. మూడు నెలల గడువు లోపలే రిజిస్ట్రేషన్ అయింది. ఇళ్ళ గొడవలన్నీ ఆడపిల్ల సంతకం దగ్గరే పుడతాయని అప్పట్నుంచి అందరికీ చెప్తుంటాను.

అన్నట్టు, కారు సెల్లారులో మెట్ల పక్కన పెట్టుకోవచ్చని పెద్దాయన నోటితో అన్నారు. వారసుల గొడవలో పడి పార్కింగ్ మాట అగ్రిమెంటులో రాయించడం నేనే మర్చిపోయాను. ఇప్పుడక్కడ మూడో అంతస్తు వాళ్ళ కారు ఉంటుంది. మాది వీధిలో వేపచెట్టు కింద. పొద్దున్నే అద్దం మీద కాకి రెట్టలు తుడుస్తూ మావారు బాల్కనీ వైపు, అంటే నా వైపు, ఒకసారి చూస్తారు.