పొలం చూడవచ్చేవాళ్ళకి ముందు నీళ్ళు చూపించు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న దీవెనలు.

పట్నం వాళ్ళని పిలిచి రసాయనాలు వాడని మన ప్రకృతి సాగు చూపిస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. చాలా మంచి పని. అయితే నడకని ఆవు దగ్గరో, చేనుకి బలానికి పోసే జీవామృతం డ్రమ్ము దగ్గరో మొదలుపెట్టకు. పిల్లకాలువ, అదే బోదె, నీళ్ళు చేలోకి వదిలే తూము దగ్గర మొదలుపెట్టు.

కోనసీమలో సాగు కష్టసుఖాలన్నీ నీళ్ళతోనే ముడిపడి ఉన్నాయి. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల కింద వరి నిలబడింది. బొబ్బర్లంక దగ్గర కాలువలోకి దిగిన గోదావరి పంట బోదెల మీదుగా మన తూముకి వస్తుంది. చాలా చోట్ల చేలోంచి చేలోకే పారుతుంది. అంటే పైచేలో నిన్న చల్లిన యూరియా, కొట్టిన మందు ఇవాళ మన మడిలోకి దిగొచ్చు. ఇది దాచకు. పైగట్టు ఎందుకు ఎత్తు చేశామో, నీరు దిగే మూల ధాన్యాన్ని ఎందుకు వేరుగా ఉంచుతామో చెప్పు. మన సాగు ఎంత నిజాయితీగా ఉందో వాళ్ళకి అక్కడే తెలుస్తుంది. తర్వాత మురుగు కాలువ దాకా తీసుకెళ్ళు. పెద్ద వానకి అది ఎగదన్నితే చేను ఎలా మునుగుతుందో ఆ గట్టు మీద నిలబడి వింటేనే బుర్రకెక్కుతుంది.

సార్వా, అంటే వానాకాలం పంట, నాట్ల హడావుడిలో ఎవరినీ పిలవకు. ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు బాగుంటాయి. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు, టెన్షన్ పడాలి. పొద్దున్నే మొదలుపెట్టు, పదిహేను మందికి మించనివ్వకు, గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. పాములుంటాయి, అందరికీ బూట్లు ఉండాలి. కొబ్బరి తోటలో ఎండు గెలల కింద ఎవరినీ నిలబెట్టకు.

వరి మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ మీద ఉపన్యాసం వద్దు. ఒక వరి దుబ్బు వంచి మొదలు తట్టించు. నీళ్ళ మీద పడ్డవాటిలో దోమలెన్నో, సాలీళ్ళెన్నో వాళ్ళనే లెక్కపెట్టమను. మందు కొడితే సాలీళ్ళు కూడా చచ్చి, దోమ ఇంకా ఎక్కువై తిరిగొస్తుందంటే అప్పుడు నమ్ముతారు. రెండు మీటర్లకొకటిగా వదిలిన 20 సెంటీమీటర్ల కాలిబాటల్ని కూడా అక్కడే చూపించు. వాటివల్ల గాలీ వెలుతురూ దుబ్బు మొదలు దాకా వెళ్తాయి.

జీవామృతానికి రెండు డ్రమ్ములు పెట్టు. ఒకదాంట్లో 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి వాళ్ళ చేతే కలిపించు. అది పులవడానికి రెండు రోజులు కావాలి కాబట్టి, రెండో డ్రమ్ములో ముందే కలిపి ఉంచినది వాసన చూపించు. మిగతాది వాళ్ళే అడుగుతారు.

దిగుబడి తగ్గిందా అని తప్పకుండా అడుగుతారు. నీ లెక్కల పుస్తకం తెరిచి చూపించు, తగ్గిన ఏడు కూడా. గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వరి వెయ్యడం మానేసిన సంగతి చెబితే, ఖర్చు తగ్గడం మనకి ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది.

నాట్లు వేసే ఆడవాళ్ళలో ఇద్దరిని మాట్లాడమను. వాళ్ళ చేతికి తెలిసినంత నీకూ నాకూ తెలీదు. ఆ పూట కూలి ఒక్కటే కాదు, నేర్పినందుకు విడిగా డబ్బివ్వు, అది చూడవచ్చేవాళ్ళ టికెట్టులోనే లెక్కేసుకో. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కట్టించే వరకూ తేదీ వెయ్యకు.

మీ పెదనాన్న