హార్మోన్ విడతలుగా వస్తే ఒకలా, ఆగకుండా వస్తే ఇంకోలా కణం ఎందుకు స్పందిస్తుంది?

ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివేటప్పుడు నేను ఈ ప్రశ్నకు జవాబు బట్టీ పట్టి రాశాను. మా నాయనకు ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలాకే నిజంగా అర్థమైంది.

తిరుపతిలో డాక్టర్ మూడు నెలలకోసారి వేసే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ రాశారు. చీటీ చూడగానే నాకు టెన్షన్ మొదలైంది. మెదడులోని హైపోథాలమస్ విడుదల చేసే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ లాంటిదే ఆ మందు. అది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని తట్టి లేపితే ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది, దాంతో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. ఈ క్యాన్సర్‌కు బలం ఇచ్చేదే టెస్టోస్టిరాన్. మరి తగ్గించాల్సిన దాన్ని పెంచే మందెందుకు?

మాది పలమనేరు పక్కన పల్లె. టమాటా తోటకు నీళ్లు పారించేటప్పుడు నాయన బోరు మోటారు వేసి అరగంటకే ఆపేసేవాడు. ఊట ఊరాక మళ్లీ వేసేవాడు. ఆపకుండా ఆడిస్తే పైపులోంచి బుసబుసమని గాలే వచ్చేది. పిట్యూటరీ కణానికి దాని పైపొర మీద హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్లే ఊట. హార్మోన్ అంటుకున్న రిసెప్టర్లు కొన్ని కణం లోపలికి పోతాయి, విడతకూ విడతకూ మధ్య ఎడం ఉంటే మళ్లీ పైకి చేరతాయి. ల్యూప్రోలైడ్ ఆ ఎడం ఇవ్వదు. త్వరగా విరిగిపోకుండా రాత్రీ పగలూ అంటుకునే ఉంటుంది.

1978లో శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం రీసస్ కోతుల్లో దీన్నే చూపించింది. జీఎన్‌ఆర్‌హెచ్ గంటకో విడత ఇస్తే ఎల్‌హెచ్, పిట్యూటరీయే వదిలే ఇంకో హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ వచ్చాయి, ఆగకుండా ఎక్కిస్తే రెండూ పడిపోయాయి. మూడు గంటలకో విడత ఇచ్చినప్పుడు ఎల్‌హెచ్ తగ్గి ఎఫ్‌ఎస్‌హెచ్ పెరిగిందని తర్వాత తేలింది. ఒకే హార్మోన్, వచ్చే ఎడాన్ని బట్టి రెండు రకాల ఫలితం! నాకు ఇప్పటికీ ఇది అబ్బురంగానే ఉంటుంది.

దీనికి తిరగబడిన ఏర్పాటూ ఉంది. కణాల్లో ఉండే క్యామ్‌కే2 అనే ఎంజైమ్‌కు కణంలో కాల్షియం అల వచ్చినప్పుడు ఫాస్ఫేట్ అంటుకుంటుంది, ఎడంలో ఊడిపోతుంది. ఊడేలోపే తర్వాతి అల వస్తే ఫాస్ఫేట్ పేరుకుని ఎంజైమ్ చురుగ్గా ఉంటుంది. అందుకే దాన్ని మేల్కొలిపేవి వేగంగా వచ్చే అలలే.

ల్యూప్రోలైడ్ వేసిన మొదటి రోజుల్లో మాత్రం టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, ఊట ఇంకా ఉంటుంది కదా. ఆ కొన్ని వారాలకని డాక్టర్ టెస్టోస్టిరాన్ పని చేయకుండా అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్రలు ముందుగానే మొదలుపెట్టించారు. నెల దాటాక రిపోర్టులో టెస్టోస్టిరాన్ బాగా పడిపోయింది.

నాయనకు ఇదంతా బోరు పోలికతోనే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే సూది ఆపేస్తే మళ్లీ ఊరుతుందా?" అన్నాడు. ఊరుతుంది. అందుకే మూడు నెలల గడువు ఒక్క రోజు కూడా దాటనివ్వను.